చెట్టు నాటని ఊళ్లు

తుపాకీ పేలిన రోజున ఎంతమంది పోయారో పేపర్లో వస్తుంది. పేలని రోజుల్లో ఊరు ఏం పోగొట్టుకుందో ఎక్కడా రాదు. దక్షిణ బస్తర్ పల్లెల్లోనూ, అక్కడి నుంచి వచ్చి మన ఏజెన్సీలో తలదాచుకున్న గూడేల్లోనూ ఇరవై ఏళ్ల భయం బతుకుతెరువును ఎలా కుదించేసిందో చెప్పే కథనమిది.

జగర్‌గుండకు మూడు దారులు. తూర్పున దోర్నపాల్ నుంచి ఒకటి, ఉత్తరాన దంతెవాడ నుంచి అరన్‌పూర్ మీదుగా ఒకటి, పడమట బీజాపూర్ నుంచి బాసగూడ మీదుగా ఇంకొకటి. మూడూ కలిసేచోట ఊరు, ఊళ్లో సంత. ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పుడు సుక్మా జిల్లాగా ఉన్న ప్రాంతంలో ఈ సంతకు ఒకప్పుడు మంచి పేరుండేది. చుట్టూ అడవిలోని కోయలు, మురియాలు, దోర్లలు చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు కావిళ్లతో తెచ్చి అమ్మేవాళ్లు. ఉప్పు, బట్ట, ఎండుచేపలు కొనుక్కుని పొద్దుగూకేలోపు దారి పట్టేవాళ్లు.

2005 తర్వాత ఆ దారుల్లో మావోయిస్టులు మందుపాతరలు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా గోతులు తవ్వారు, చెట్లు నరికి పడేశారు. ఊళ్లో సహాయ శిబిరం వెలిసింది, శిబిరం చుట్టూ ముళ్లకంచె వచ్చింది. రేషన్ లారీలు నెలల తరబడి ఆగి, చివరికి జవాన్ల కాపలాలో బారులు తీరి వచ్చేవి. సంత చితికిపోయింది. బడి మూతపడింది. మళ్లీ తెరవడానికి 2019 దాకా పట్టింది. బ్యాంకు శాఖ ఊళ్లోకి వచ్చింది 2025లో. కంచె వేసిన రోజుల్లో పుట్టిన బిడ్డకు బడి తలుపు తీసేసరికి పదమూడేళ్లు నిండాయి. ఆ వయసులో ఆ పిల్ల ఒకటో తరగతిలో కూర్చోదు, కూలికి పోతుంది.

అభద్రత అనగానే మనం చావుల లెక్క చెప్పుకుంటాం. 2010 ఏప్రిల్ 6న దోర్నపాల్ దారికి చేరువలో తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. 2012 జూన్ 28 రాత్రి సర్కేగూడలో 17 మంది గ్రామస్థులు భద్రతా బలగాల కాల్పుల్లో చనిపోయారు. ఈ చావుల బరువు తగ్గించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే పల్లెను లోపల్నుంచి తినేసేది ఆ రెండు మూడు రోజుల మధ్య గడిచే వేల రోజులు. రేపేమవుతుందో తెలియని మనిషి ఈ పంట ఇంటికొస్తే చాలనుకుంటాడు. పదేళ్లకు కాపుకొచ్చే చింతమొక్క పెట్టడు. గోడ కట్టాల్సినచోట తడిక కడతాడు. చెరువు కట్ట, పెంకుటిల్లు, ఎడ్లజత, పిల్ల పదో తరగతి చదువు అన్నీ ముందున్న ఏళ్ల మీద నమ్మకంతో చేసే పనులు. ఆ నమ్మకం చెడిన ఊరికి ఎన్ని పథకాలు మంజూరు చేసినా అవి కాగితం దాటి రావు. అభద్రత చేసే అన్ని నష్టాల్లోకీ పెద్దది ఇదేనని నా అభిప్రాయం.

ఉప్పు కొనడానికి భయపడిన రోజులు

సంత అంటే బజారు ఒక్కటే అనుకుంటే దాని విలువ తెలియదు. అడవి లోపలి ఊళ్లకు ధర తెలిసేది అక్కడే, పెళ్లి మాటలు కుదిరేది అక్కడే, ఏ ఊళ్లో జ్వరాలున్నాయో, ఎవరి ఎద్దు అమ్మకానికుందో తెలిసేది అక్కడే. జీలుగు కల్లు, కోడిపందెం, చుట్టాల పలకరింపు అన్నీ ఆ ఒక్క పూటలోనే. సంతకు పోలేని ఊరికి సరుకుతో పాటు కబురూ ఆగిపోతుంది.

మావోయిస్టులకు ఎదురుగా ఊళ్లను శిబిరాలకు తరలించిన సల్వా జుడుం కాలంలో చాలా సంతలు మూతపడ్డాయి. తెరిచి ఉన్నచోట కూడా లోపలి ఊళ్ల మనుషులు రావాలంటే గుండె గుప్పిట్లో పెట్టుకోవాల్సి వచ్చింది. రెండు బస్తాల బియ్యం కొంటే ఎవరికి వండిపెడుతున్నావని పోలీసులు అడిగేవాళ్లు. జ్వరం మాత్రలు, టార్చి బ్యాటరీలు ఎక్కువ కొన్నా అదే ప్రశ్న. ఇటు పోలీసుతో ఒక్క మాట మాట్లాడుతూ కనిపిస్తే రాత్రికి ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడేది. ఆ ముద్ర పడ్డవాణ్ణి మావోయిస్టులు ప్రజాకోర్టులో నిలబెట్టారు, కొందరిని చంపేశారు. సంతలోనే పోలీసుల మీద దాడులు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఈ రెండు భయాల మధ్య సగటు కోయ కుటుంబం కొనుగోళ్లు తగ్గించుకుంది, రాకపోకలు తగ్గించుకుంది.

దీని ఫలితం ధర మీద పడుతుంది. సంతకు పదిమంది షావుకార్లు వచ్చినప్పుడు చింతపండుకు ఒక రేటుంటుంది. దారిలో లారీ తగలబడుతుందేమోనన్న భయంతో ఎనిమిది మంది మానుకుంటే మిగిలిన ఇద్దరు చెప్పిందే రేటు. వాళ్లు పడే ప్రమాదం ఖరీదు, దారిలో ఇచ్చుకునే చందాలు, మామూళ్లు అన్నీ కొనే ధరలోంచే కోసుకుంటారు. ఆ కోత చివరికి పడేది అడవిలో తెల్లవారుజామున లేచి ఇప్పపువ్వు ఏరిన ఆడమనిషి మీద. అడవి సరుకుకు గిట్టుబాటు లేదని ప్రతి ప్రభుత్వమూ ఒప్పుకుంటుంది, మద్దతు ధర ప్రకటిస్తుంది. కొనేవాడు ఊరిదాకా రాలేని చోట మద్దతు ధర ఎవరికి అందుతుంది?

తునికాకు సంగతి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. ఎండాకాలం మొదట్లో పది పదిహేను రోజులు సాగే పని. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ బస్తాకు ఇచ్చే కూలిని 2019లో 2,500 నుంచి 4,000 రూపాయలకు, 2024లో 5,500కు పెంచింది. బస్తర్ ఇళ్లలో ఏడాది మొత్తంలో చేతికందే పెద్ద నగదు ఇదే. కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తామన్నప్పుడు సుక్మా, బీజాపూర్ లోపలి ఊళ్ల జనం నగదే కావాలని పట్టుబట్టారు. బ్యాంకు రోజు నడకదూరంలో ఉంది. వెళ్లే దారిలో ఎవరెవరు ఆపుతారో తెలియదు. వెళ్లినా ఆ రోజు సొమ్ము దొరుకుతుందన్న భరోసా లేదు. పట్నంలో కూర్చున్నవాళ్లకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు, అక్కడివాళ్లకు అది కూలి నిలబెట్టుకునే లెక్క.

ఇక్కడే ఇంకో నిజమూ చెప్పాలి. 1980లో, తర్వాత మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి దండకారణ్యంలోకి వెళ్లినప్పుడు వాళ్లకు ఊళ్లలో చోటు దొరికింది ఈ తునికాకు రేటు వల్లే. కట్టకు పైసల్లో ముట్టజెప్పే కాంట్రాక్టర్ల మీద, కోడీ మేకా పట్టుకుపోయే ఫారెస్టు సిబ్బంది మీద ఎదురు తిరిగి రేటు పెంచేలా చేశారు. అంటే ఆ ఊళ్లకు అభద్రత తుపాకులతో మొదలవలేదు. గార్డు వస్తే గుడిసెలో దాక్కునే భయం అంతకు ముందే ఉంది. తర్వాత ఏళ్లలో అదే పార్టీ బడి భవనాలు కూల్చింది, సర్పంచులను చంపింది, రోడ్డు పనిచేసే యంత్రాలు తగలబెట్టింది. మొదటి న్యాయం రెండో అన్యాయాన్ని మాఫీ చేయదు. రెండో అన్యాయం మొదటిదాన్ని అబద్ధమూ చేయదు.

నెలజీతం తుపాకీకే

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టుల మీద జనం తిరుగుబాటు అని ప్రభుత్వం చెప్పింది. ఊళ్లను ఖాళీ చేయించి రోడ్డు పక్క శిబిరాలకు తరలించడం దాని పద్ధతి. 644 గ్రామాలు అన్న లెక్క ఆ రోజుల్లో పదేపదే వినిపించేది. శిబిరాల్లో చేరినవాళ్లు దాదాపు యాభై వేలని చెప్పేవాళ్లు. రాననివాళ్ల ఇళ్లు కాలిపోయాయి, గాదెలు కాలిపోయాయి. వచ్చినవాళ్లకూ రక్షణ దొరకలేదు. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి ముప్పై మందికి పైగా చంపారు. ఎటు నిలబడినా చావు ఎదురుగానే ఉంది.

శిబిరంలో రేషన్ ఉంది, పొలం లేదు. నాలుగు కోసుల దూరంలో తన మడి బీడుపడి ఉంటే రైతు శిబిరం రేకుల కింద ఖాళీగా కూర్చున్నాడు. వాళ్ల పిల్లల్లో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను ప్రత్యేక పోలీసు అధికారులుగా చేర్చుకున్నారు. ఐదో తరగతి దాటినవాళ్లకు మొగ్గు, నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, చేతికి తుపాకీ. ఆ ప్రాంతంలో ఒక యువకుడికి దొరికిన నెలజీతం అదొక్కటే. 2011 జూలై 5న సుప్రీంకోర్టు దీన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు మన రంగారెడ్డి జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. చదువు అందివ్వని చోట చదువుకోని పిల్లల చేతికి ఆయుధమిచ్చి తమ ఊళ్లవాళ్ల మీదికే పంపడం ఏం న్యాయమని ఆ తీర్పు నిలదీసింది. అయినా ఆ పిల్లలు పోలీసు కొలువులోనే వేరే పేరుతో కొనసాగారు. అన్నదమ్ముల్లో ఒకడు దళంలో, ఒకడు పోలీసులో ఉన్న ఇళ్లు బస్తర్‌లో కొత్త కాదు. ఆ ఇంట్లో ఎవరి పొలం ఎవరు దున్నాలి?

అదే ఏడాది మార్చిలో తాడిమెట్ల, మోరపల్లి, తిమ్మాపురం ఊళ్లలో వందలాది ఇళ్లు తగలబడ్డాయి. విచారణ చేసిన సీబీఐ ప్రత్యేక పోలీసు అధికారుల మీదే అభియోగాలు మోపింది. కోయ ఇల్లు కాలితే ఏం పోతుందో ఆ ఇంట్లోకి వెళ్తే తెలుస్తుంది. దూలానికి వేలాడుతూ అడ్డాకుల్లో చుట్టి నారతో బిగించి కట్టిన మూటలుంటాయి. చిక్కుడు, కంది, జొన్న, సామ, కొర్ర, గుమ్మడి. పొయ్యి పొగ తగిలి పురుగు పట్టకుండా ఉండేందుకు అలా కడతారు. ఆ ఇంటి అవ్వ ఏ ఏడు ఏది నిలబడిందో చూసి ఏరి దాచిన విత్తనం అది. ధాన్యం పోతే అప్పు పుడుతుంది, విత్తనం పోతే ఆ నేలకు అలవాటైన పంటే పోతుంది. నష్టపరిహారం కాగితంలో ఇంటికింత, మనిషికింత అని రాస్తారు. ఆ మూటలకు ఖరీదు కట్టే గడి అందులో ఉండదు.

సర్కేగూడలో ఆ రాత్రి జనం గుమికూడింది కూడా విత్తనాల కోసమేనని ఊరివాళ్లు మొదటినుంచీ చెప్పారు. విత్తనాల పండుగ బీజ పండుం దగ్గర పడుతోంది, ఎవరి పొలం ఎప్పుడు దున్నాలో మాట్లాడుకుంటున్నామన్నారు. జుడుం రోజుల్లో చెదిరిపోయి, ఇటు మన రాష్ట్రానికి పారిపోయి వచ్చి, మళ్లీ ధైర్యం చేసి సొంతూరు చేరుకున్న మనుషులు వాళ్లు. చనిపోయినవాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ కమిషన్ తేల్చిన సంగతి 2019 చివర్లో బయటికొచ్చింది. ఏడేళ్లు పట్టింది. తిరిగి వెళ్దామా అని ఆలోచిస్తున్న ఎన్ని కుటుంబాలు ఆ వార్త విని ఆగిపోయి ఉంటాయో!

13 డిసెంబర్ 2005

కొంటా దగ్గర శబరి దాటితే చింతూరు. పామేడు వైపు నుంచి వస్తే చర్ల. ఉసూరు అడవి దాటితే వెంకటాపురం, వాజేడు, ఇంకా దిగితే ఏటూరునాగారం, తాడ్వాయి. ఈ దారులు కొత్తవి కావు. మిరప ఏరే కాలంలో తాతల నాటి నుంచీ నడిచినవే. అటూ ఇటూ చుట్టరికాలున్నాయి, మాట కలుస్తుంది. 2005 తర్వాత అదే దారిన కూలికి కాకుండా ప్రాణం దక్కించుకోవడానికి వచ్చారు. మనవాళ్లు వాళ్లను గుత్తి కోయలంటారు. ఎంతమంది వచ్చారన్నదానికి అంచనాలు యాభై వేల దాకా వెళ్తాయి. సరైన లెక్క ఏ ప్రభుత్వమూ తీయలేదు.

వాళ్లు అడవి లోపల వాగు పక్కన గూడెం వేసుకున్నారు. పది పదిహేను ఇళ్లు. నిట్టాళ్లకు వెదురు తడికలు కట్టి మట్టి మెత్తుతారు, పైన గడ్డి, దానిమీద నీలం టార్పాలిన్. చాలాచోట్ల తాగేది వాగులో తవ్విన చెలమ నీళ్లే. ఇంటి చుట్టూ శుభ్రంగా ఊడ్చిన వాకిలి, మొక్కజొన్న కంకులు ఆరేసిన పందిరి, రెండు కోళ్లు, ఒక పంది. అంతా చూశాక ఏదో లోటు అనిపిస్తుంది. ఇంటి ముందు చెట్టుండదు. బస్తర్‌లో ప్రతి ఇంటికీ ఒక చింత, ఒక మామిడి, పొలం గట్టున జీలుగు ఉంటాయి. అడవిలోని ఇప్పచెట్లకు కూడా ఇది ఫలానా ఇంటిదన్న గుర్తుంటుంది. ఇక్కడ పదిహేనేళ్లు కాపురమున్న గూడెంలో కూడా మామిడి మొక్క కనిపించడం అరుదు. రేపు ఫారెస్టువాళ్లు వచ్చి పొమ్మంటే మొక్కను వెంట తీసుకుపోలేరు కదా!

మన రాయలసీమకు ఇది తెలియని సంగతి కాదు. ఫ్యాక్షన్ రోజుల్లో పగ తీర్చుకోవడానికి మనిషి దొరకకపోతే అతని చీనీ తోట మీద పడేవాళ్లు. అయిదారేళ్లు నీళ్లు మోసి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో మొదలుకంటా నరికేసేవాళ్లు, బోరు మోటారు పగలగొట్టేవాళ్లు, గడ్డివామికి నిప్పు పెట్టేవాళ్లు. ఆ తర్వాత ఆ ఊళ్లో మళ్లీ చీనీ పెట్టే ధైర్యం చేయడానికి ఎన్నేళ్లు పట్టేదో ఆ రైతులనడగాలి. కొందరు వేరుశనగతోనే సరిపెట్టుకున్నారు, కొందరు భూమి అమ్ముకుని పట్నం చేరారు. కొడుకును చదివించి దూరం పంపడమే ఆస్తి అనుకున్నారు. పగ చల్లారిన చాలా ఊళ్లలో పొలాలు పచ్చబడ్డాయి, వెళ్లిన పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

గుత్తి కోయలకు ఆ అమ్ముకునే భూమి కూడా లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉన్న అడవి భూమికే గిరిజనుడికి హక్కు వస్తుంది. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. ఎక్కువమంది ఇళ్లొదిలి వచ్చింది ఆ తేదీ దాటాక. అంటే వదిలేసి వచ్చినచోట సాగులో లేరు, వచ్చినచోట తేదీకి అందలేదు. పైగా షెడ్యూల్డ్ తెగ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అవతల గిరిజనుడైన మనిషి గోదావరి ఒడ్డుకొచ్చేసరికి ఆ కాగితం పనికిరాదు. కుల ధ్రువపత్రం లేక పిల్లకు గిరిజన హాస్టల్ సీటు రాదు, పట్టా లేక రైతుకు బ్యాంకు అప్పు రాదు, అప్పు లేక విత్తనం షావుకారు దగ్గరే. ఒక్కో కాగితం లేకపోవడం ఇంకో కాగితానికి అడ్డం పడుతుంది.

పోడు కొట్టారని గూడెం కూల్చడం, మళ్లీ పక్కన వేసుకోవడం ఏళ్లుగా నడుస్తోంది. 2017లో తాడ్వాయి అడవిలో జలగలంచ గూడేన్ని అటవీ సిబ్బంది కూల్చేశాక, వాళ్లను ఖాళీ చేయించవద్దని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న మనిషి ప్రాణం పోవడం ఘోరం. కానీ దోషులు ఇద్దరైతే శిక్ష మొత్తం గుత్తి కోయల మీద పడింది. వాళ్లందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. ఇక్కడి కోయలకూ వాళ్ల భయం వాళ్లకుంది. అడవి తరుగుతోంది, పోడు పట్టాలు తమకే సరిగా రాలేదు, ఇంకొకరితో పంచుకోవడం ఎలాగని అడుగుతారు. ఒకచోట తగలబడిన ఊళ్ల భారం ఇంకోచోటి పేదల మీద మోపి, మీలో మీరు తేల్చుకోండి అని పాలకులు తప్పుకున్నారు.

ఇంత అభద్రతలో ఉన్న మనిషి శ్రమ చవగ్గా దొరుకుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా భద్రాద్రి, ఖమ్మం, ములుగు జిల్లాల మిరప చేలల్లో కాయ ఏరే చేతుల్లో చాలా భాగం బస్తర్‌వి. ఖమ్మం యార్డులో తేజ రకం ఎర్రగా రాశి పోసినప్పుడు ఆ రాశి వెనక వీళ్ల వంగిన నడుములున్నాయి. ఉండేది చేను గట్టున టార్పాలిన్ కింద. వచ్చేటప్పుడు పిల్లలనూ తెస్తారు, ఇంటి దగ్గర వదిలి రావడానికి బడి లేదు కాబట్టి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పొడిగించినప్పుడు మిరప పని ఆగిపోయి, బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల బాలిక తోటివాళ్లతో అడవి దారిన ఇంటికి నడుస్తూ మూడు రోజుల నడక తర్వాత ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా చనిపోయింది. ఆ పిల్లను చంపింది కరోనా కాదు, తూటా కాదు. పన్నెండేళ్లకు మిరప చేనుకు ఎందుకు రావాల్సి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు వెతికితే మూతపడ్డ బళ్లు, ఆగిన సంతలు, బీడుపడ్డ పొలాల దగ్గరికే చేరతాం.

రోడ్డు ఎవరిది?

దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు 56 కిలోమీటర్లు. మామూలు చోట ఒక వేసవిలో వేసే రోడ్డు. ఇక్కడ ఏళ్లు పట్టింది. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర ఈ రోడ్డు పనికి కాపలా కాస్తున్న సీఆర్పీఎఫ్ జవాన్లు 25 మంది మావోయిస్టుల దాడిలో చనిపోయారు. ఆ కేసులో చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసీలు 121 మందిని జైల్లో పెట్టారు. 2022 జూలైలో కోర్టు అందరినీ నిర్దోషులని వదిలింది. అయిదేళ్లు పోయాయి. కొన్ని చిన్న ఊళ్ల నుంచి అంతమంది మగవాళ్లు అయిదు వానాకాలాలు నాగలి పట్టకపోతే ఏమవుతుంది? ఎడ్లు అమ్ముకుంటారు. వకీలు ఫీజుకు, జగ్దల్‌పూర్ జైలుకు పోయే బస్సు చార్జీలకు కోళ్లు, మేకలు, వెండి కడియాలు పోతాయి. ఆడవాళ్లు ఒంటరిగా దున్నించుకోలేక పొలం పాలుకిస్తారు. జవాన్ల కుటుంబాలకు తీరని దుఃఖం, ఈ ఊళ్లకు తీరని అప్పు.

రోడ్డు వద్దనే ఊరు ఉండదు. 2021 మేలో సిల్గేర్‌లో కొత్త పోలీసు క్యాంపు పెట్టినప్పుడు వేలమంది వచ్చి కూర్చున్నారు. 17వ తేదీన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అయినా నిరసన ఏడాదికి పైగా సాగింది. వాళ్లడిగింది బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, తమ అవసరానికి సరిపడే రోడ్డు. క్యాంపు ముందు వచ్చి దాని వెనక ఆసుపత్రి వస్తుందంటే వాళ్లకు నమ్మకం కలగలేదు. నాకు అది అర్థం కాని మొండితనంగా అనిపించదు. బైలాడిల్లా ఇనుము విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలోనే కొండలు తొలిచి రైలు మార్గం వేసిన దేశం ఇది. విశాఖ ఉక్కుకు ముడిసరుకు అక్కడిదే. ఆ పట్టాలకు ఇరువైపులా ఉన్న ఊళ్లకు ఇప్పటికీ కాన్పు కష్టమైతే మంచం మీద మోసుకుపోయే రోజులు పూర్తిగా పోలేదు. కొంటా, కిష్టారం వైపువాళ్లు రోగం ముదిరితే తమ జిల్లా కేంద్రం కన్నా భద్రాచలం ఆసుపత్రినే నమ్ముకుంటారు.

రోడ్డు ఏం చేయగలదో చూడాలంటే మన సీలేరుకు పక్కనే ఒడిశాలోని బలిమెల చూడాలి. ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టుకున్న జలాశయం వెనక నీళ్లు నిండి 151 ఊళ్లు బయటి ప్రపంచం నుంచి తెగిపోయాయి. లాంచీ తప్ప దారి లేదు. వంతెనకు 1982లో శంకుస్థాపన జరిగింది. మావోయిస్టుల భయంతో కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు. 2008 జూన్ 29న అదే నీళ్లలో లాంచీ మీద దాడి జరిగి గ్రేహౌండ్స్ జవాన్లతో కలిపి 38 మంది చనిపోయారు. చివరికి బీఎస్ఎఫ్ కాపలాలో కట్టి 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచారు. శంకుస్థాపన చూసిన పిల్లవాడు దాని మీద నడిచేసరికి నలభై దాటింది. ఆ వంతెన మీదుగా అంబులెన్సు పోతుంది, మాస్టారు పోతాడు, పసుపు కొనే షావుకారూ పోతాడు. వంతెన తెరవగానే అంతా బాగుపడిందనను, దారి లేకుండా మాత్రం ఏదీ మొదలవదు.

బడి

రెండు వైపులవాళ్లూ బడిని కోటగానే చూశారు. ఊళ్లో పక్కా భవనం అదొక్కటే కాబట్టి బలగాలు అందులో దిగాయి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు దాన్ని పేల్చేశారు. బళ్లను ఖాళీ చేయమని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించేదాకా పరిస్థితి ఇదే. రోడ్ల పక్కన వెదురు దబ్బలతో కట్టిన పోటా కేబిన్ హాస్టళ్లు తర్వాత వచ్చాయి. ఒక్కోదాంట్లో వందల మంది పిల్లలు. అవే లేకపోతే ఆ తరానికి అక్షరమే వచ్చేది కాదు, ఆ మేలు కాదనలేం. కానీ ఆరేళ్ల పిల్లను ఊరికి దూరంగా వదిలిన తల్లికి ఆ పిల్ల సెలవులకు మాత్రమే చుట్టమైంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022లో నాలుగు జిల్లాల్లో 260 బళ్లు మళ్లీ తెరిచింది. చాలాచోట్ల పాకల్లోనే మొదలయ్యాయి. ఆ ఊరిలోనే కాస్త చదువుకున్న కుర్రవాళ్లు పాఠం చెప్పారు. ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించిన సంగతి ఇదే. ఊళ్లో బడి ఉంటే కుటుంబం ఊళ్లో నిలుస్తుంది, కుటుంబం నిలిస్తే పొలం బీడుపడదు.

తిరుగుదారి

2025 మే 21న అబూజ్‌మాడ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు చనిపోయారు. నవంబరులో మారేడుమిల్లి దగ్గర మరో మావోయిస్టు నేత మాడ్వి హిడ్మా చనిపోయారు. ఉద్యమాన్ని పూర్తిగా తుడిచిపెట్టడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకుంది. తుపాకీ ఆగడం వేరు, భయం పోవడం వేరు. గాదెల్లో ధాన్యం ఏడాదంతా నిలవ ఉంచుకోవచ్చని, సంతకు పోయి రెండు బస్తాలు కొనుక్కుంటే ఎవరూ అడగరని, కొడుకు అడవిలోకి పోతే సాయంత్రానికి ఇంటికొస్తాడని జనానికి నమ్మకం కుదరాలి. అది క్యాంపుల సంఖ్యతో రాదు. కాలిన ఇళ్లకు, జైల్లో పోయిన ఏళ్లకు పరిహారం, చనిపోయిన ప్రతి ఒక్కరి విషయంలో విచారణ, ఇప్పచెట్టు నుంచి ఇనుప గని దాకా ఏది ఎవరిదో గ్రామసభ చెప్పే మాటకు విలువ. ఇవి లేకుండా తుపాకులు ఆగిన ఖాళీలోకి గనుల లారీలు మాత్రమే వస్తే, జనం 1980కి ముందటి భయానికే తిరిగి వెళ్తారు.

ఇటు గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లలో కొందరు వేసవిలో వెళ్లి తమ పాత ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుకుని వస్తున్నారు. ఊరు ఎలా ఉందో, మడి ఎవరు దున్నుతున్నారో చూసుకుంటున్నారు. వెళ్లిపోవాలా, ఉండిపోవాలా అన్నది వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. తేల్చుకోవడానికి వీలుగా అటు భూమి రికార్డులో పేరుండాలి, ఇటు ఉంటామంటే కుల ధ్రువపత్రం, సాగు హక్కు ఉండాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుని గూడెం గూడేనికీ తిరిగి పేర్లు రాసుకుంటే తప్ప ఇది తేలదు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. మిరప ఏరే కాలం సరిగ్గా అదే. చేను గట్టున టార్పాలిన్ కింద ఉన్న కుటుంబాన్ని ఎన్యూమరేటర్ ఏ ఊరి పేరుతో, ఏ తెగ పేరుతో రాసుకోవాలో ముందుగా ఆదేశాలివ్వడానికి కలెక్టర్లకు ఇంకా వ్యవధి ఉంది.